కార్ఖానాలో విమానం

18 ఆగస్టు 2025, సోమవారం

మా గల్లీ చివరి కార్ఖానాలో విమానం కడుతున్నారు. వేళాకోళం కాదు. ఏడాదిన్నర కింద సేట్ పవర్‌లూమ్ సాంచాలన్నీ తుక్కు కింద అమ్మేశాక ఆ షెడ్డులో ఎలుకలే కాపురం ఉంటున్నాయి. ఇప్పుడు కరీంనగర్ నుంచి సాయిచంద్ అని ఒకాయన వచ్చి కిరాయికి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. యూట్యూబ్‌లో కామెడీ షార్ట్ ఫిల్ములు తీసేవాడట, ఇది మొదటి పెద్ద సినిమా. పేరు 'పుష్పక పిశాచం'. దుబాయ్ నుంచి హైదరాబాద్ వచ్చే ఫ్లైట్‌లో దయ్యం లేస్తుంది, ఫ్లైట్ దిగేలోపు ఒక్కొక్కరినీ చంపుతుంది. కథ ఇంతే. ఇది సిరిసిల్లలో ఎందుకయ్యా అని అడిగితే, విమానమంత పొడుగు షెడ్డు ఇంకేడ దొరుకుతది మంజులక్కా అన్నాడు.

సీటు కవర్లు, ఎయిర్ హోస్టెస్ డ్రెస్సులు, దయ్యం బట్టలు కుట్టడానికి టైలర్ కావాలట. ఎవరో నా పేరు చెప్పారట. సరే అన్నాను. స్కూల్ యూనిఫాంల పని అయిపోయింది, మిషన్ ఖాళీగా ఉంది, నేనూ ఖాళీగానే ఉన్నాను.

అత్తమ్మ అన్నీ వింది. లోపలికి వెళ్లి మిట్టమధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుంది. మా ఇంట్లో మూడేళ్లుగా విమానం మాట ఎవరూ ఎత్తరు.

19 ఆగస్టు

ఎవరో చదువుతారని కాదు. ఒకసారి మొత్తం రాసి పెట్టుకుంటే తల తేలికవుతుందని రాస్తున్నాను.

మా ఆయన 2022 మే నెలలో దుబాయ్‌లో పోయాడు. క్యాంపు గదిలో, నిద్రలో, గుండె ఆగి. రంజాన్ పండగ సెలవులని గదిలో మిగతావాళ్లు ఎటో వెళ్లారు. రెండు రోజులు ఎవరూ తలుపు తీయలేదు. కాగితాలన్నీ తయారై పెట్టె వచ్చేసరికి జూలై. పెట్టె తెరవొద్దని గట్టిగా చెప్పారు, మేం తెరవలేదు. మా ఇంట్లో పోయినవాళ్లందరినీ కాల్చారు, మామయ్య దశరథాన్ని కూడా. ఆయన్ని మాత్రం పెట్టెతోపాటు బొంద పెట్టాం.

అప్పటి నుంచి అత్తమ్మది ఒకటే మాట. మొఖం జూడలే అంటుంది. మొఖం జూడనిది నా కొడుకెట్లయితడు అంటుంది. పెట్టెలు మారిపోయిన కథలు పేపర్లో వచ్చినవి ఎవరో చదివి వినిపించారు. ఇక చెప్పేదేముంది? కొడుకు ఏదో జైల్లో ఉన్నాడని, లేదా మతి తప్పి ఏ ఎడారిలోనో గొర్రెలు కాస్తున్నాడని నమ్ముతుంది.

పెత్రమాస నాడు ప్రతి ఇంటివాళ్లు పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. మూడు పెత్రమాసలు వచ్చిపోయాయి. అత్తమ్మ మామయ్య పేరు చెప్పి ఇస్తుంది. కొడుకు పేరు చెప్పదు. బతికున్నోని పేరు మీద బియ్యమిస్తే వానికి కీడు అంటుంది. నన్ను ఇవ్వనివ్వదు. బొట్టు తీయనివ్వలేదు, మెట్టెలు తీయనివ్వలేదు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఆడవాళ్లు ఒకరికొకరు పసుపు కుంకుమలు పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ల చేయి ఆగిపోతుంది. పెట్టాలో వద్దో వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు. రెండేళ్లుగా బతుకమ్మకు వెళ్లడం మానేశాను.

ఈసారి పెత్రమాస సెప్టెంబర్ 21న. ఈసారి ఆయన పేరు మీద బియ్యం ఇవ్వాలి. అత్తమ్మ ఒప్పుకుని ఇవ్వాలి. నాకు ఇంకేమీ వద్దు.

21 ఆగస్టు

విమానం సగమైంది. ట్రావెల్స్ వాళ్ల పాత బస్సు నుంచి పీకిన సీట్లు నలభై. పైన సామాను అరలు ప్లైవుడ్‌వి. కిటికీలకు ప్లాస్టిక్ టబ్బుల అడుగులు కోసేసి అంచులు బిగించారు. దూరం నుంచి కిటికీలు, దగ్గరికి పోతే బట్టలు నానబెట్టుకునే టబ్బులు.

అసలు సంగతి, యూనిట్‌లో ఒక్కరూ విమానం ఎక్కలేదు. సాయిచంద్ కూడా ఎక్కలేదు, ఫోన్‌లో వీడియోలు చూసి గీసుకొచ్చాడు. మా గల్లీలో మాత్రం ఇంటికొకరు ఎక్కినవాళ్లే. పక్కింటి గట్టయ్యన్న పదకొండేళ్లు దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసి వచ్చాడు. ఇవాళ ఊరికే చూడ్డానికి వచ్చి, బెల్టు గిట్ల ఉండదు, బాత్రూం తలుపు మధ్యల మడుస్తది, గీ బల్ల ముంగటి సీటు ఎనుకకు ఉండాలె అని వరసపెట్టి తప్పులు పట్టాడు. సాయిచంద్ అక్కడికక్కడే ఆయనను 'ఫ్లైట్ ఇన్‌చార్జ్' చేశాడు. మెడలో విజిల్ వేశారు. పదకొండేళ్లలో ఆ దేశంలో ఎవరూ ఇవ్వని ప్రమోషన్ మా గల్లీలో దొరికింది.

నేనూ ఎయిర్‌పోర్టు చూశాను. శంషాబాద్‌లో, కార్గో గేటు వైపు.

23 ఆగస్టు

ఇవాళ దయ్యానికి కొలతలు తీసుకున్నాను. ఛాతీ నలభై నాలుగు.

24 ఆగస్టు

దయ్యం పేరు ప్రేమ్‌సాగర్. బెల్లంపల్లి మనిషి, బొగ్గు బావిలో పని, రెస్ట్ దొరికినప్పుడు వచ్చి షూటింగ్ చేస్తానన్నాడు. ఆరడుగులు ఉంటాడు. ట్రయల్ వేస్తుంటే గోడ మీద బల్లి కనబడింది, నా కుట్టుమిషన్ ఎక్కినంత పని చేశాడు. ఇతనిని చూసి జనం భయపడాలట.

స్క్రిప్టులో శవం పైన సామాను అరలోంచి దూకుతుంది. గట్టయ్యన్న విజిల్ ఊది ఆపాడు. శవం పైనెట్లుంటది భయ్, శవాలు కింద వస్తయి, మన కాళ్ల కింద, మనం పైన బిర్యానీ తింటుంటే వాళ్లు కింద ఉంటరు అన్నాడు. అనేసి నన్ను చూశాడు. విజిల్ మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

సాయిచంద్‌కు అప్పటిదాకా తెలియదు. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, నాకెర్క లేదక్కా, మీరు వద్దంటే కథ మారుస్తా అన్నాడు. బట్ట కత్తిరించేశాను, ఇప్పుడు మార్చడమేమిటి అని కసిరాను. పాపం అతను చేసిన తప్పేమీ లేదు. కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కదా, ఎదురుగా అతనున్నాడు.

27 ఆగస్టు, వినాయక చవితి

వాన. షూటింగ్ లేదు, కరెంటూ లేదు.

అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండా, గా కార్ఖానల గాలిమోటరు చేస్తున్నరా అని అడిగింది. అవునన్నాను. కిటికీలు ఉన్నయా అంది. ఉన్నాయన్నాను. తెరుస్తరా అంది. ఫ్లైట్‌లో కిటికీలు తెరవరు అత్తమ్మా అన్నాను. మరి గాలెట్లాడుతది అంది. నాకు తెలియదు. గట్టయ్యన్నకు తెలుసు అన్నాను.

మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. కానీ అడిగింది. మూడేళ్లలో మొదటిసారి అడిగింది.

31 ఆగస్టు, ఆదివారం

ఈ రోజు షూటింగ్ మొదలు. ప్యాసింజర్లంతా మా గల్లీవాళ్లే. సాంచాలు నడిపేవాళ్లు, బీడీలు చేసేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు. ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. టేకాఫ్ సీన్. పక్క కార్ఖానాలో సాంచాలు ఆపమంటే ఆపలేదు. టకటక టకటక. సాయిచంద్ తల పట్టుకున్నాడు. గట్టయ్యన్న కాసేపు చెవి పెట్టి విని, ఆపకుండ్రి, ఇంజన్ చప్పుడు లోపలికి గిట్లనే వినొస్తది అన్నాడు. అంతే, సౌండ్ సమస్య తీరిపోయింది.

మూడు షాట్లు అయ్యాక మానిటర్‌లో చూసుకుంటే దుబాయ్ నుంచి వస్తున్న ప్యాసింజర్లందరివీ వట్టి కాళ్లు. బయటికి వెళ్లి చూస్తే విమానం తలుపు ముందు ముప్పై ఎనిమిది జతల చెప్పులు. ఎవరూ చెప్పలేదు, అందరూ విడిచి లోపలికి వెళ్లారు. ఇల్లు కాదు, గుడి కాదు, చెప్పులెందుకు ఇడిసిండ్రని సాయిచంద్ మొత్తుకున్నాడు. లోపల కింద కార్పెట్ ఉన్నది గద, తొక్కితే ఖరాబయితది అన్నది ఒక బీడీల ఆవిడ.

అందరూ నవ్వారు. గట్టయ్యన్న నవ్వలేదు. తానూ మొదటిసారి ముంబైలో తలుపు దగ్గర చెప్పులు విడిచానని, ఎయిర్ హోస్టెస్ వాటిని చేత్తో పట్టుకుని తన వెనకే నడిచి సీటు దాకా తెచ్చిందని చెప్పాడు.

మా ఆయనా అంతే. దిగగానే చేసిన మొదటి ఫోన్‌లో చెప్పాడు. చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని, కాళ్లు సీటు మీద ముడుచుకుని కూర్చున్నాడట. నాలుగు గంటలు అలాగే. కాళ్లు తిమ్మిరెక్కాయని చెబుతూ నవ్వాడు. నేనూ నవ్వాను.

2 సెప్టెంబర్

అత్తమ్మ వచ్చింది. నేను టిఫిన్ డబ్బా మరిచిపోయానని తెచ్చింది. నేను మరిచిపోలేదు, ఇవాళ రెండు డబ్బాలు అయ్యాయి.

తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి, అరలు తట్టి చూసింది, టబ్బు కిటికీలోంచి అవతలికి చూసింది. అవతల గోడకు కొట్టిన నీలం గుడ్డ. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. గట్టయ్యన్న వచ్చి, ఐలవ్వ పెద్దమ్మా, బెల్టు గిట్ల పెట్టుకోవాలె అని చూపించాడు. ఇక అప్పటి నుంచి ఆయనను వదల్లేదు. ఎన్ని గంటలు పోతది? అన్నం పెడ్తరా? ఏడుపొస్తే ఎవలన్న పల్కరిస్తరా? అన్నిటికీ ఓపికగా చెప్పాడు. ఎయిర్ హోస్టెస్ వేషం వేస్తున్న వనిత, కరీంనగర్ చీరల షాపులో పనిచేసే పిల్ల, ఎదురుగా నిలబడి చేతులు అటూ ఇటూ చూపించడం ప్రాక్టీస్ చేస్తోంది. అది గట్టయ్యన్న నేర్పిందే. పదకొండేళ్లలో ఎన్నో సార్లు చూసి చేతులు కంఠతా వచ్చాయి, మాటలు మాత్రం ఒక్కటీ అర్థం కాలేదట. గా చేతులు ఎందుకు ఊపుతరు అంది అత్తమ్మ. పడిపోతే ఏం జేయాల్నో చెప్తరు పెద్దమ్మా అన్నాడు.

చివరికి అడిగింది. పెట్టె ఏడ పెడ్తరు?

గట్టయ్యన్న నన్ను చూశాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాను. కింద అని చెప్పాడు. అత్తమ్మ వంగి తన కాళ్ల కింద ప్లైవుడ్‌ను చేత్తో నిమిరింది. చల్లగుంటదా అంది. చల్లగుంటది అన్నాడు. మొఖం కనవడెటట్టు అద్దం గిట్ల ఉండదా పెట్టెకు అంది. కొన్నిటికుంటది పెద్దమ్మా, మనదానికి లేకుండె అన్నాడు.

నేను అక్కడి నుంచి లేచి బయటికి వెళ్లాను.

4 సెప్టెంబర్

ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

మొఖం నేను చూశాను.

జూన్‌లో, ఇంటివాళ్లలో ఒకరు గుర్తు పట్టాలని, కాగితాల కోసం అక్కడి నుంచి ఫోటో వాట్సాప్‌లో పంపారు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. చూశాను. ఆయనే. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పుడు సాంచా చెక్క తగిలిన మచ్చ ఉంది. మిగతాది రాయను. అవును, మా ఆయనే అని టైప్ చేసి పంపాను. పెట్టె తెరవొద్దని వాళ్లు చెప్పింది నిజమే, కానీ ఇద్దరు పెద్దమనుషులు తెరుద్దాం, తల్లి చూడాలంటుంది అన్నప్పుడు అడ్డం పడుకున్నంత పని చేసింది నేను. ఆ మొఖం అత్తమ్మ చూడకూడదు అనుకున్నాను. కొడుకు మొఖం అంటే ఆమెకు ఇక అదే మిగులుతుంది అనుకున్నాను.

అప్పుడు మంచిపని చేశాననుకున్నాను. ఇప్పుడు తెలియదు. మూడేళ్లుగా ఆమె మొఖం జూడలే, మొఖం జూడలే అంటుంటే పక్కన కూర్చుని పప్పు కలుపుకుని తింటున్నాను. ఫోటో ఫోన్‌లోనే ఉంది. ఫోన్ పాతదై బ్యాటరీ ఉబ్బినా మార్చలేదు. చూడను. తీసెయ్యను.

6 సెప్టెంబర్

అత్తమ్మను సినిమాలో తీసుకున్నారు. ప్యాసింజర్. మూడో వరస, కిటికీ.

9 సెప్టెంబర్

అత్తమ్మ అరవడం లేదు. సాయిచంద్ పరేషాన్ అవుతున్నాడు. దయ్యం పైలట్ మెడ కొరికే సీన్‌లో అందరూ గోల పెడుతుంటే ఆమె కిటికీలోంచి నీలం గుడ్డను చూస్తోంది. అవ్వా, దయ్యమొచ్చింది, మొత్తుకోవాలె అంటే, వచ్చింది గద, ఇంకెందుకు మొత్తుకునుడు అంది. ఆమెను వెనక వరసకు మార్చమని అసిస్టెంట్ అన్నాడు. ఆమె బెల్టు విప్పలేదు.

సాయంత్రం ఇంటికి వస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్టు, గాలిమోటరుల ఒక్కడే అయిండు గని సుట్టూ మనుషులైతే ఉండిరి అంది. అవును అత్తమ్మా అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని కాలువ దాటింది. మామూలుగా పట్టుకోదు, తానే దాటుతుంది.

12 సెప్టెంబర్, శుక్రవారం

ఇది ఇవాళే రాయాలి.

క్లైమాక్స్ సీన్. ఆరుగురు కింద నుంచి వెదురుబొంగులతో సెట్‌ను ఊపుతున్నారు. మెరుపుల కోసం బయట వెల్డింగ్ మిషన్. పక్క కార్ఖానాలో సాంచాలు ఫుల్లుగా నడుస్తున్నాయి. దయ్యం వెనక నుంచి సీట్ల మధ్యలో నడుచుకుంటూ వస్తుంది. తల నుంచి కాళ్ల దాకా తెల్లబట్ట, నేను కుట్టిందే. మొఖం కనబడకూడదని సాయిచంద్ అన్నందుకు ముసుగు విడిగా కుట్టి, మెడ దగ్గర కచ్చా కుట్టు వేశాను. అందరూ అరుస్తున్నారు. వనిత బాగా అరిచింది. నేను కత్తెర పట్టుకుని, కెమెరాకు అందను అనుకుని ఒక సీటు పక్కన నిలబడ్డాను, బట్ట ఎక్కడైనా చిక్కుకుంటే విడదీయడానికి.

మూడో వరస దగ్గరికి దయ్యం వచ్చేసరికి అత్తమ్మ బెల్టు విప్పి లేచింది. మధ్యలోకి వచ్చి అడ్డంగా నిలబడింది. స్క్రిప్టులో లేదు. ప్రేమ్‌సాగర్‌కు ఏం చేయాలో తోచక చేతులు పైకెత్తి బుస కొట్టాడు. అత్తమ్మ ముసుగు పట్టుకుని లాగింది. కచ్చా కుట్టు పర్రున తెగింది. ముసుగు ఆమె చేతిలోకి వచ్చింది.

పౌడర్ కొట్టిన మొఖం. మూతి పక్కన రెండు వైపులా ఎర్ర రంగు. అత్తమ్మ ఆ మొఖం చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కింద ఊపేవాళ్లు ఆపేశారు. వెల్డింగ్ ఆగింది. సాయిచంద్ కట్ చెప్పలేదు. గట్టయ్యన్న నోట్లో విజిల్ ఉంది, ఊదలేదు. సాంచాల చప్పుడు ఒక్కటే మిగిలింది.

అత్తమ్మ కొంగుతో ఆ ఎర్ర రంగు తుడిచింది. ఎవ్వలి కొడుకువు బిడ్డా అని అడిగింది.

ప్రేమ్‌సాగర్ దయ్యంలా ఏదో అనబోయాడు. బెల్లంపల్లి అవ్వా, సమ్మవ్వ కొడుకును అన్నాడు. మీ అవ్వ నీ మొఖం జూసి ఎన్ని దినాలైతంది అని అడిగింది. పొద్దుగాల్నే చూసింది అవ్వా, డబ్బా కట్టిచ్చింది అన్నాడు. మంచిగున్నది, ఇంటికి పో మరి అంది. ముసుగు మడిచి అతని చేతిలో పెట్టింది. వెళ్లి తన సీట్లో కూర్చుని, గట్టయ్యన్న నేర్పినట్టే బెల్టు పెట్టుకుంది.

ఆ తర్వాత ఇవాళ షూటింగ్ జరగలేదు. ప్రేమ్‌సాగర్ బయట చెప్పుల పక్కన కూర్చుని మేకప్ తుడుచుకుంటూ వాళ్లమ్మతో ఫోన్ మాట్లాడాడు.

13 సెప్టెంబర్

చెప్పేశాను.

పొద్దున చాయ్ తాగుతుండగా చెప్పాను. మొఖం నేను చూశాను అత్తమ్మా, ఫోటో ఉంది, నా ఫోన్‌లో ఉంది, మూడేళ్ల నుంచి ఉంది. తెరిచి ఇవ్వనా అని అడిగాను.

ఆమె ఫోన్ తీసుకుంది. తెరవలేదు. బోర్లించి ఒడిలో పెట్టుకుంది. మూడేండ్లు నన్ను పిచ్చిదాన్ని జేస్తివి గద అంది. చేయెత్తి నా వీపు మీద ఒక్కటి కొట్టింది. గట్టిగానే కొట్టింది. కోడలిగా వచ్చాక ఇదే మొదటిసారి. నాకు తగినదే అనిపించింది, తల వంచుకుని ఇంకో దెబ్బ కోసం కూర్చున్నాను. పడలేదు. చేయి వీపు మీదే ఉంది.

కాసేపయ్యాక, ఒక్కదానివే జూసినవా అంది. ఒక్కదాన్నే అన్నాను. మీ అవ్వగారింట్ల గూడ చెప్పలేదా అంది. లేదన్నాను.

కండ్లు మూసుకొని ఉన్నయా అని అడిగింది.

మూసుకునే ఉన్నాయి అన్నాను. అది నిజమే.

ఫోన్ తిరిగి ఇచ్చేసింది. చూడలేదు. చాయ్ చల్లారిపోయింది, నేను మళ్లీ వేడి చేశాను, ఇద్దరం తాగాం. ఆమె రోజంతా అన్నం తినలేదు. నేనూ తినలేదు. సాయంత్రం ఇంటి ముందు కూర్చుని గట్టిగా ఏడ్చింది. గల్లీ అంతా వచ్చింది. ఏమైందని అడిగితే, నా కొడుకు సచ్చిపోయిండు అని చెప్పింది. అందరికీ తెలిసిన విషయమే అయినా ఎవరూ ఆ మాట అనలేదు. వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. నిన్ననే పోయినట్టు ఏడ్చారు. గట్టయ్యన్న భార్య నాకు నీళ్లు తాగించింది.

నేను ఏడవలేదు. నాది అప్పుడే అయిపోయిందనుకుంటాను.

16 సెప్టెంబర్

సాయిచంద్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చాడు. మంత్రగాడు దయ్యాన్ని కాల్చే సీన్ తీయాల్సి ఉంది, అది ఇప్పుడు తీయబుద్ధి అయితలేదక్కా అన్నాడు. అత్తమ్మ ముసుగు లాగిన షాట్ ఉంచాలా తీసెయ్యాలా అని అడగడానికి వచ్చాడు. ఉంచితే జనం నవ్వుతారేమోనని భయం, తీసేస్తే సినిమాలో ఇంకేమీ మిగలదని భయం. అతన్ని చూస్తే మొదటిసారి జాలేసింది.

అత్తమ్మ మంచం మీద నుంచే, ఉండనియ్యి అంది. నవ్వితే నవ్వనియ్యి, నవ్వుకునేతందుకే గద నువ్వు తీస్తున్నవు, ఫికర్ జెయ్యకు అంది. ఆ పిల్లగాని మొఖం మంచిగ కనవడుతుందా అని మాత్రం అడిగింది. కనబడుతోందని చూపించాడు.

నేనూ చూశాను. అత్తమ్మ రంగు తుడుస్తోంది. ఫ్రేమ్ చివర, సీటు పక్కన ఒకామె కత్తెర పట్టుకుని నిలబడింది. నోరు తెరిచి ఏడుస్తోంది. చెంపలు, గదవ, జాకెట్ మెడ తడిసిపోయాయి. ఎవరో ఎక్స్‌ట్రా అనుకున్నాను. తర్వాత జాకెట్ చూసి గుర్తు పట్టాను. అది నేను కుట్టుకున్నదే.

సాయిచంద్ గమనించి, గిది క్రాప్ చేస్తక్కా అన్నాడు. వద్దన్నాను.

19 సెప్టెంబర్

అత్తమ్మ అంగట్లో రెండు గుమ్మడికాయలు కొంది. ఒకటి మామయ్యకు. రెండోది ఎవరికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

21 సెప్టెంబర్, ఆదివారం, పెత్రమాస

గుడి దగ్గర పెద్ద లైను. అత్తమ్మ మామయ్య పేరు చెప్పి మొదటి పళ్లెం ఇచ్చింది. రెండో పళ్లెం నా చేతుల్లో పెట్టింది. ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగాడు. అత్తమ్మ నన్ను చూసింది.

నాకు నోరు పెగల్లేదు. ఇన్నాళ్లూ ఒప్పుకోనిది అత్తమ్మే అనుకున్నాను.

మొగుని పేరు చెప్ప సిగ్గుపడుతుంది అని వెనక ఎవరో అన్నారు. పెళ్లినాడు గడప దగ్గర వరుసకు ఆడబిడ్డలు అడ్డం నిలబడి చెప్పిస్తే ఒక్కసారి అన్నాను. మళ్లీ ఎప్పుడూ అనలేదు. అయ్యగారు ఇంకోసారి అడిగాడు.

లక్ష్మణ్ అన్నాను.